అడగకుండా మార్చిన సిస్టమ్

“ఇంకెంతసేపు పట్టొచ్చండీ, రూతమ్మగారూ?”

వీధి అరుగు మీంచి మాణిక్యాలరావు మళ్ళీ అడిగాడు. దస్తావేజులు రాసే మనిషి. గొంతు పెంచడం ఆయన వృత్తిలో లేదు. ఆయన పక్కన ఉప్పలగుప్తం నుంచి వచ్చిన తండ్రీ కూతురూ కూర్చున్నారు. కూతురి పేర కొబ్బరితోట రాయిస్తున్నాడు తండ్రి. మధ్యాహ్నం లోపల రిజిస్ట్రారు ఆఫీసులో ఉండాలి.

రూతు తెర ముందునుంచి లేవలేదు.

నిన్న సాయంత్రం కొత్తపేటలో చెల్లెలి ఇంటి నుంచి వచ్చేటప్పటికి ఆమె కంప్యూటరు ఆమెది కాకుండా పోయింది. తెర రంగు మారింది. అడుగున ఉండాల్సిన పట్టీ ఎడమపక్కకు పోయి నిలువుగా నిలబడింది. తెలుగు అయితే ఉంది. కానీ ‘దానము’ అని కొట్టబోతే వేళ్ళ కింద ఇంకేదో అక్షరం పడుతోంది. దీర్ఘం ఉండాల్సిన చోట హల్లు, సున్నా ఉండాల్సిన చోట కామా. పెళ్ళికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు హయ్యరు పాసైన వేళ్ళు అవి. కళ్ళు మూసుకున్నా తప్పు పోవని పేరు.

రూతు కొట్టింది. చెరిపింది. మళ్ళీ కొట్టింది.

గదిలో మూల కుర్చీలో మొగుడు ప్రభాకరరావు పేపరు చదువుకుంటున్నాడు. చదువుతున్నట్టే ఉంది గాని పేజీ తిరగడం లేదు.

“మీరేం చేయించేరో మీకు తెలుస్తోందా అండీ?” అంది రూతు, తెర మీంచి చూపు తిప్పకుండా.

“తప్పేం చేయించలేదు. దొంగసొత్తు తీయించేను.”

“నేను ఊళ్ళో లేనప్పుడు.”

“నువ్వు ఉంటే చేయనిచ్చేదానివా?”

మంచం మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటున్న కరుణమ్మ కోడలి వైపు చూసి, కొడుకు వైపు చూసింది.

“మావాడు కంప్యూటరుకి బాప్తిస్మం ఇప్పించేడమ్మా,” అంది. “నీళ్ళల్లో ముంచేరు. ఇంక పైకి లేవలేదు.”

“అమ్మా, నువ్వు ఊరుకో.”

“ఊరుకునే ఉన్నాన్రా. వక్క కత్తిరించుకుంటున్నాను.”

అరుగు మీద మాణిక్యాలరావు దగ్గాడు. రూతు లేచి గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మంలో నిలబడి ఎవరికీ ‘కాదు’ అన్న మాట చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తోచలేదు.

“సిస్టమ్ పాడైందండి,” అంది చివరికి.

“అయ్యో. కరెంటు హెచ్చుతగ్గులాండీ?”

“అలాంటిదేనండి.”

ఆయన ఒకసారి లోపలికి, పేపరు పట్టుకున్న ప్రభాకరరావు వైపు చూశాడు. వెంటనే చూపు చెప్పుల వైపు తిప్పుకున్నాడు.

“ఏమీ అనుకోకండి రూతమ్మగారూ. పార్టీ దూరాన్నించి వచ్చేరు. ఈ పూటకి గడియారస్తంభం దగ్గర ఎవరి చేతైనా కొట్టించేసుకుంటాం.”

“మీ నమూనాలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదండీ. అక్కడ మళ్ళీ మొదట్నుంచీ...”

“ఆయ్. మొదట్నుంచీ కొట్టించాలండి. తప్పదు మరి.”

“రేపటికి చూడండి. రేపు సరిచేయించేస్తాను.”

“ఆయ్. రేపు చూద్దామండి.”

ఆ ‘చూద్దాం’ ఎలాంటిదో రూతుకు తెలుసు. పార్టీలు ఒకసారి కొత్త గుమ్మం ఎక్కాక పాత గుమ్మానికి రావడానికి కారణం ఉండదు. తండ్రి వెనక నడుస్తూ ఆ అమ్మాయి రూతు వైపు చూసి నొచ్చుకున్నట్టు నవ్వింది. అరుగు మీద వాళ్ళు తాగిన మంచినీళ్ళ గ్లాసులు మిగిలాయి.

రూతు గ్లాసులు తీయలేదు.

లోపలికి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

“ఇప్పుడు చెప్పండి. మొత్తం చెప్పండి.”

ప్రభాకరరావు పేపరు మడిచాడు. నిరుడు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు గాని, ఏదైనా చెప్పేముందు కళ్ళజోడు తీసి తుడుచుకునే అలవాటు రిటైరు కాలేదు.

“ప్రార్థన కూటం నాడు ఏం జరిగిందో నువ్వూ చూసేవు. మనింట్లో, అందరి ముందూ, టీవీ మీద పాట వేసేము. పాట కింద మూలని ఏం కనపడింది? విండోస్ యాక్టివేట్ చేసుకోమని. పాట పాటకీ అదే. పాస్టరుగారి అల్లుడు నవ్వేడు. ‘క్రాక్ చేసిందాండీ అంకుల్’ అన్నాడు. నేను సంఘపెద్దని. నా ఇంట్లో దొంగ సాఫ్ట్‌వేరు.”

“అది వేసినవాడు మీ స్కూలుకి కంప్యూటర్లు బాగుచేసినతనే. మీరే పిలుచుకొచ్చేరు.”

“అప్పుడు నాకు తెలీదు.”

“నాకూ తెలీదు. తెలిస్తే చెప్పొచ్చుగా? లైసెన్సుది కొనుక్కుందాం అనొచ్చుగా?”

“ఎందుకు కొనడం? ఉచితంగా, న్యాయంగా దొరికేది ఉంటే? ఇప్పుడు వేయించిన లినక్స్ అంటే అదేదో తక్కువరకం కాదు. ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎవరూ దొంగ కానక్కర్లేదు. వైరస్సుల గోల తక్కువ. మన పాత మిషను మీద కూడా చకచకా నడుస్తోంది. మీ విండోసుకి కొత్తది కావాలంటే ఈ మిషను పనికిరాదంట, కొత్త మిషనే కొనాలంట. పాతదానికి ఇంక ఏ మరమ్మతులూ పంపరంట. ఇవన్నీ కనుక్కునే చేసేను.”

“అన్నీ కనుక్కున్నారు. నన్ను తప్ప.”

“కొత్త కీబోర్డు నాలుగు రోజులు సాధన చేస్తే అదే వస్తుంది.”

“మీకు ఇవాళ్టి నుంచి ఎడం చేత్తో రాయమంటే?”

“రాస్తాను. నేర్చుకుంటాను.”

“పిల్లలు బోర్డు ముందు కూర్చుని నవ్వుతుంటే?”

కరుణమ్మ వక్క ఆకులో పెట్టుకుని దవడన బిగించింది.

రూతు కంప్యూటరు వెనక్కి వంగి చిన్న ముక్క ఒకటి పీకింది. అగ్గిపుల్లల పెట్టెలో సగం ఉంటుంది. డాంగిల్. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరుతోపాటు ఇచ్చింది. అది వెనక గుచ్చి ఉంటేనే ఆ సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. రాజమండ్రి వెళ్ళి, బిల్లు రాయించుకుని, తన చీటీ పాడి కొనుక్కుంది.

“దొంగది కానిది ఆ మిషన్లో ఇదొక్కటే ఉండేది. నేను కొన్నది. ఇప్పుడు ఇది పనిచేయదు. మీ న్యాయం వచ్చింది, నా న్యాయం మూలకి పోయింది.”

“మాటలు బాగా నేర్చేవు.”

“మాటలే కదండీ ఇన్నాళ్ళూ కొట్టింది. పరాయివాళ్ళ మాటలు.”

ఆమె గొంతు వణకలేదు. అదే ప్రభాకరరావుకు నచ్చలేదు. ఏడ్చే మనిషిని ఓదార్చడం ఆయనకు వచ్చు.

“నీ కష్టం ఎక్కడికీ పోలేదు,” అన్నాడు కాస్త తగ్గి. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. “చెరిపేముందు అన్నీ ఇందులోకి ఎక్కించమన్నాను. నువ్వు కొడుతున్న సంఘం పాటల పుస్తకం ఒక్క పేజీ కూడా పోకూడదని దగ్గరుండి చూసుకున్నాను.”

రూతు పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఒక్క ఫోల్డరే కనపడింది. పాటలు.

“మరి దస్తావేజులు?”

“ఏంటి?”

“నా దస్తావేజుల ఫోల్డరండీ. మాణిక్యాలరావుగారి నమూనాలు, వీలునామాలు, పెళ్ళి శుభలేఖలు, కాట్రేనికోన మత్స్యకార సంఘంవాళ్ళ తీర్మానాలు. అవేవి?”

“అవన్నీ పరాయివాళ్ళవి. అయిపోయిన పనులు. వాటితో మనకేం పని?”

రూతు చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

కరుణమ్మ నమలడం ఆపింది.

“ఒరేయ్,” అంది ముసలావిడ మెల్లగా. “ఇల్లు తుడిచేటప్పుడు కూడా ఏది పారేయాలో ఆడమనిషిని అడుగుతారురా.”

వీధిలో స్కూటీ ఆగింది. క్రిస్టీనా కాలేజీకి వెళ్తూ వచ్చింది. ప్రభాకరరావు చెల్లెలి కూతురు, ఎర్రవంతెన దగ్గర తల్లితో ఉంటుంది. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్తుంది. పొద్దున్నే రూతు ఫోను చేసి ‘ఒక్కసారి రామ్మా’ అన్న మాట తప్ప ఇంకేం చెప్పలేదు.

“ఏంటత్తయ్యా, గొంతు అలా ఉంది ఫోన్లో? అమ్మమ్మకి బాలేదేమోనని భయపడ్డాను.”

“నాకేమే, దిట్టంగా ఉన్నాను,” అంది కరుణమ్మ. “బాలేనిది అదిగో, బల్ల మీదుంది.”

క్రిస్టీనా తెర చూసింది. మావయ్య వైపు చూసింది. ఏదో అనబోయి, హెల్మెట్ కింద పెట్టి కుర్చీ లాక్కుంది.

“నిజం చెప్పమ్మా,” అంది రూతు. “మీ మావయ్య మంచిదంటున్నారు. నాకేమో పనికిరావట్లేదు. మా ఇద్దరిలో ఎవరిది తప్పు?”

“మిషనుది తప్పు లేదత్తయ్యా. ఇది మంచిదే. మా కాలేజీ ల్యాబ్‌లో ఇదే ఉంది. ఇంటర్నెట్ చూసుకోవడం, ఉత్తరం రాసుకోవడం, పాటలు వినడం, పిల్లల చదువు, వీటన్నిటికీ నేనైతే ఇదే వేసుకోమంటాను. మా అమ్మకి ఇదే వేసి ఇచ్చేను. తేడా ఆవిడకి తెలీనేలేదు.”

“చూసేవా?” అన్నాడు ప్రభాకరరావు.

“ఆగండి మావయ్యా. అమ్మ చేసేది అంతే. అత్తయ్య చేసేది అది కాదు. అత్తయ్య తెలుగు సాఫ్ట్‌వేరు విండోసుకే తయారుచేసేరు. ఆ డాంగిల్‌ని ఇది గుర్తుపట్టదు. పాత ఫాంట్లు తెచ్చి వేస్తే మామూలు ఫైళ్ళు కొన్ని చదువుకోవచ్చు. కొత్తగా కొట్టాలంటే మాత్రం వేరే పద్ధతి నేర్చుకోవాలి. ఆ టైపు మిషను వరసకి దగ్గరగా ఉండే కీబోర్డు ఏదైనా వెతికి పెడతాను గాని, అచ్చంగా అదే ఇస్తానని మాటివ్వలేను.”

“మరి పాటల పుస్తకం?” అన్నాడాయన. “అది తెరువు. అది జాగ్రత్తగా ఎక్కించేను.”

క్రిస్టీనా ఫోల్డరు నొక్కింది. ఫైలు నొక్కింది. తెరవడానికి ఏ ప్రోగ్రామూ లేదని ఒక చిన్న పెట్టె వచ్చింది.

“పేజీలు కట్టింది విండోస్ ప్రోగ్రాములో కదా మావయ్యా. ఇక్కడ తెరుచుకోదు.”

“అసలు తెరుచుకోదా?”

“పోలేదు. విండోస్ మిషన్లో పెడితే తెరుచుకుంటుంది. ఇక్కడ కాదు.”

ప్రభాకరరావు కళ్ళజోడు తీశాడు. తుడుచుకోలేదు. క్రిస్మస్‌కి పుస్తకం చేతికిస్తానని సంఘంలో లేచి నిలబడి చెప్పిన మనిషి.

రూతుకు ఆయన మీద జాలి కలగాల్సిన చోట ఏమీ కలగలేదు. దానికే ఆమె భయపడింది.

“పోనీ, ఇది తీసేసి పాతదే వేసేయొచ్చా?” అని అడిగింది.

“లైసెన్సు కొని వేసుకోవచ్చత్తయ్యా. ఈ మిషను పాత విండోసునే మోస్తుంది. దానికి ఇంక రక్షణ లేదు కాబట్టి నెట్‌కి తగిలించకుండా టైపింగ్‌కే వాడుకోవాలి. లేదంటే కొత్త మిషను. లేదా రెండూ పక్కపక్కన ఉంచుకోవచ్చు, మావయ్యకి ఇదీ మీకు అదీ. చాలామంది అలాగే ఉంచుకుంటారు. చెరపక్కర్లేదు అసలు.”

క్రిస్టీనా అక్కడితో ఆగి ఉంటే ఆ పూట ఇంకోలా గడిచేది. కానీ పాఠం చెప్పే పిల్ల. తను చెప్పింది ఎక్కడ దారి తప్పిందో తెలుసుకోకుండా ఉండలేదు.

“అయినా ఆదివారం ఫోన్లో ఇదంతా చెప్పేను కదా మావయ్యా. అత్తయ్య టైపింగ్ ఇందులో నడవదు, చెరపొద్దు, పక్కన వేయించండి అని. మర్చిపోయేరా?”

క్రిస్టీనా ఇద్దరి మొహాలూ చూసి, ఏదో చేయకూడనిది చేశానని గ్రహించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మీకు తెలుసు,” అంది రూతు.

ఆయన మడిచిన పేపరు కోసం చెయ్యి చాచాడు.

“నడవదని తెలిసే చేయించేరు.”

“రూతూ...”

“తెలీక చేసేరని పొద్దుట్నుంచీ సర్దుకుంటున్నానండీ. రాత్రంతా అదే అనుకున్నాను. ఆయనకి ఈ మిషన్ల సంగతి తెలీదు, మంచికే అనుకుని చేసేరు, నాలుగు మాటలని ఊరుకుందాం అనుకున్నాను. మాణిక్యాలరావుగారితో కరెంటు అని అబద్ధం చెప్పేను.”

“నన్నేం చేయమంటావు?” ఉన్నట్టుండి ప్రభాకరరావు గొంతు లేచింది. “నా ఇంటి అరుగు మీద నాకు కూర్చునే చోటు లేదు. పొద్దున లేస్తే పార్టీలు, దస్తావేజులు. నేను పేపరు చదువుకుంటుంటే ‘మాస్టారూ, అమ్మగారున్నారా?’ అని అడుగుతారు. మొన్న ఎవడో కుర్రాడు పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి ‘అమ్మగారికి ఇచ్చేయండి’ అని బండి దిగకుండానే పోయేడు. నా చేతిలో! ఈ ఊళ్ళో సగంమందికి పాఠం చెప్పేను నేను. కిందటి వారం ఆటోవాడు ఏమన్నాడో తెలుసా? టైపింగ్ రూతమ్మగారిల్లా, తెలుసండి అన్నాడు.”

“అదా.”

“అదే.”

“ఆ మాట అని ఉంటే సరిపోయేది కదండీ. దేవుణ్ణి ఎందుకు మధ్యలోకి తెచ్చేరు? దొంగసొత్తు అనెందుకు అన్నారు?”

ప్రభాకరరావు గోడ వైపు చూశాడు. కరుణమ్మ నోట్లో ఆకు ఎప్పుడో ఊసేసింది. కొడుకు వైపు చూడకుండా చీరకుచ్చెళ్ళు సవరించుకుంటోంది.

ఆయనే మళ్ళీ మాట్లాడాడు. హెడ్మాస్టరు గొంతు తిరిగి వచ్చింది, కానీ కొంచెం అరిగి.

“సరే. జరిగింది జరిగింది. నీకు అదే కావాలంటే కొత్త మిషనే కొంటాను. లైసెన్సుతో. నువ్వు చెప్పిన సాఫ్ట్‌వేరు వేయిస్తాను. క్రిస్టీనాయే దగ్గరుండి చూసుకుంటుంది. సరేనా? కానీ లోపలి గదిలో పెడదాం. సంఘం పుస్తకం పూర్తి చెయ్యి. ఆ తర్వాత మన పిల్లల పెళ్ళి శుభలేఖలో, బంధువులవో కొట్టుకో. బయటి పార్టీలు వద్దు. ఈ వయసులో నీకెందుకీ చాకిరీ?”

ఎంతో ఇచ్చినట్టు అన్నాడు. ఆయన దృష్టిలో నిజంగా ఇచ్చాడు కూడా.

రూతు ఆయన్ని చూసింది. పొద్దుట్నుంచీ మొదటిసారి నిదానంగా, కోపం లేకుండా చూసింది. ఇన్నేళ్ళూ ఈ గదిలో కొట్టిన ప్రతి కాగితం మీదా ఇంకొకరి పేర్లే. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు. ఫలానా గదిలో కూర్చుని ఫలానా పని మాత్రమే చేయవలెను అన్న షరతు దస్తావేజులో ఎవరైనా రాయిస్తే, పుచ్చుకునేవాళ్ళు ఒకసారి చదివించుకుని వినేవారు. వెంటనే సంతకం పెట్టేవారు కాదు.

ఆమె క్రిస్టీనా వైపు తిరిగింది.

“మీ ఇంటి ముందుగది, రోడ్డు మీదికి తలుపున్నది, అందులో ఉండే నర్సు ఖాళీ చేసిందన్నావు మొన్న. ఎవరికైనా ఇచ్చేసేరా?”

క్రిస్టీనా ఉలిక్కిపడింది. “లేదత్తయ్యా, ఇంకా...”

“ఏంటది?” అన్నాడు ప్రభాకరరావు. “ఏం అడుగుతున్నావు నువ్వు? అది నా చెల్లెలి ఇల్లు.”

“అవునండీ. అందుకే పరాయిచోటికి పోతున్నానని మీరు అనక్కర్లేదు.”

“రూతూ, జనం ఏమనుకుంటారు?”

“టైపింగ్ రూతమ్మగారి ఇల్లు అనరు ఇంక. మాస్టారి ఇల్లు అంటారు.”

కరుణమ్మ మంచం మీంచి లేచింది. ఏదో అనబోతోందని ముగ్గురూ అటు చూశారు. ముసలావిడ అరుగు మీదికి వెళ్ళి, పొద్దుట్నుంచీ అలాగే ఉన్న మంచినీళ్ళ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రూతు కదలకుండా నిలబడింది.

“అందులో టైపింగ్ పెట్టుకుంటాను. అద్దె మామూలుగా ఎవరి దగ్గర ఎంత తీసుకుంటారో అంతే. మీ అమ్మతో నేను మాట్లాడతాను. ముందు నువ్వు చెప్పు. ఇస్తారా?”

క్రిస్టీనా హెల్మెట్ చేతుల్లోకి తీసుకుంది. మేనమామ వైపు చూసింది.

“ఆయన్ని కాదమ్మా,” అంది రూతు. “నన్ను చూసి చెప్పు.”